ఒకే అచ్చు, నాలుగు నగరాలు

మా ఊళ్ళో తెలుగు శుభలేఖలు వేయగలిగిన ప్రెస్సు ఒక్కటే ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్. యజమాని దగ్గర ఒక అట్టపెట్టెలో అయిదారు బ్లాకులుండేవి. వినాయకుడు, కలశం, వెంకటేశ్వరస్వామి, దండలు మార్చుకుంటున్న వధూవరులు. ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖ మీద ఆ వధూవరులే. మా అక్క పెళ్ళికీ, మూడేళ్ళ తరవాత మా పిన్ని కూతురి పెళ్ళికీ అదే పెళ్ళికొడుకు, అదే కోరమీసం. "ఏమయ్యా, అల్లుడు మారాడు గానీ బొమ్మ మారలేదే" అని మా నాన్నగారు అడిగితే, "పేరు మార్చామా లేదా చూడండి. పేరు చదువుతారు గానీ మొహమెవరు పోలుస్తారండీ" అన్నాడట ఆయన.

ఆ మాట నాకు చాలా ఏళ్ళ తరవాత, 1493లో జర్మనీలో అచ్చయిన ఒక పెద్ద పుస్తకం గురించి చదువుతున్నప్పుడు గుర్తొచ్చింది. న్యూరెంబర్గ్ నగరంలో వైద్యుడైన హార్ట్‌మన్ షేడెల్ కూర్చిన ప్రపంచ చరిత్ర అది. బైబిలు లెక్క ప్రకారం సృష్టితో మొదలై, ఆదాము అవ్వ, జలప్రళయం, రాజులు, ప్రవక్తలు, క్రీస్తు, పోపులు, చక్రవర్తులు, చివరికి అంత్యతీర్పు. అందులో బొమ్మలు సుమారు 1800. వాటిని అచ్చు వేయడానికి చెక్కిన దిమ్మెలు మాత్రం దాదాపు 645. మిగిలిన లెక్క ఎలా సరిపోయిందంటే మా ఊరి ప్రెస్సు యజమాని చెప్పిన పద్ధతిలోనే. కోట గోడ, నాలుగు బురుజులు, ఒక చర్చి శిఖరం ఉన్న ఒకే దిమ్మె ఒకచోట డమాస్కస్, ఇంకోచోట ఫెరారా, మరోచోట మిలాన్, మరొకచోట మాంటువా. పైన పేరు మారుతుంది, అంతే. ఒకే గడ్డం ఆసామి ఒక పుటలో రాజు, మరో పుటలో తత్త్వవేత్త.

దీన్ని మోసమని కొట్టేయడం తేలిక. కానీ అదే పుస్తకంలో న్యూరెంబర్గ్ నగరం రెండు పుటల నిండా, ద్వారాలూ గోపురాలూ గుర్తుపట్టేటంత నిజాయితీగా ఉంది. వెనిస్, కొలోన్, స్ట్రాస్‌బర్గ్ కూడా అంతే. అంటే చూసి గీయగలిగినచోట గీశారు, వీలులేనిచోట "ఇక్కడ ఒక నగరం" అని చెప్పడానికి ఒక గుర్తు పెట్టారు. ఆనాటి పాఠకుడు డమాస్కస్‌ను బొమ్మలో వెతుక్కోలేదు. ఆ పుటలో ఒక ఊరి కథ మొదలైందని తెలుసుకున్నాడు. మన వాళ్ళు శుభలేఖ చూసి పెళ్ళని తెలుసుకున్నట్టే.

ఈ బొమ్మల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. పెడనలో కలంకారీ గుడ్డలకు టేకు దిమ్మెల మీద అచ్చులు చెక్కడం చూసినవారికి ఇది చెప్పకుండానే తెలుస్తుంది. గీత ఎక్కడ కావాలో అక్కడ చెక్కను వదిలి, చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. ఉబ్బెత్తుగా మిగిలినదే సిరా పట్టుకుంటుంది. బొమ్మ తిరగేసి చెక్కాలి. యూరప్‌లో కూడా ఈ పని ముందు గుడ్డ మీదే మొదలై, కాగితం చవకయ్యాక కాగితం మీదికి వచ్చింది. అక్కడ ఎక్కువగా పియర్ చెట్టు చెక్క వాడేవారు. గీసేవాడు ఒకరు, కత్తితో చెక్కేవాడు మరొకరు, రంగులద్దేవాడు ఇంకొకరు. పేరు మాత్రం గీసినవాడిదే మిగిలింది. చెక్కినవారిలో నూటికి తొంభై మంది పేర్లు చరిత్రకెక్కలేదు.

తేదీ వేసి ఉన్న పాత బొమ్మల్లో ప్రసిద్ధమైనది 1423 నాటి సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ. బాల యేసును భుజాన మోస్తూ ఏరు దాటే పెద్ద మనిషి. ఒక చేతిరాత పుస్తకం అట్టకు లోపలివైపు అంటించి ఉన్నది దొరికింది, ఇప్పుడు ఇంగ్లండులో మాంచెస్టర్‌లోని జాన్ రైలండ్స్ గ్రంథాలయంలో ఉంది. ఆ రోజు ఈ ముఖం చూసినవాడికి దుర్మరణం ఉండదన్న అర్థంలో కింద రెండు పంక్తులున్నాయి. మన ఇళ్ళలో గడప మీద అంటించే పటాల్లాంటిదే. అప్పటికి గూటెన్‌బర్గ్ అచ్చు అక్షరాలు పుట్టలేదు. అంటే అచ్చు బొమ్మ అచ్చు అక్షరం కంటే పెద్దది.

గూటెన్‌బర్గ్ బైబిలులో బొమ్మలే లేవు. అక్షరాన్నీ బొమ్మనూ ఒకే పుస్తకంలో కలిపిన మొదటి ముద్రాపకుడు బాంబెర్గ్‌లోని ఆల్బ్రెఖ్ట్ ఫిస్టర్, 1460ల ఆరంభంలో. అది కలవడానికి కారణం చాలా మామూలుది. చెక్క దిమ్మె కూడా సీసపు అక్షరంలాగే ఉబ్బెత్తు అచ్చు. అక్షరమెంత ఎత్తో దిమ్మెను అంత ఎత్తుకు కోస్తే రెండింటినీ ఒకే చట్రంలో బిగించి, ఒకే సిరా పూసి, ఒకే నొక్కుతో తీయవచ్చు. రాగి రేకు మీద చెక్కిన బొమ్మ ఇంకా నాజూగ్గా ఉంటుంది గానీ, దానికి సిరా గాడిలో ఉంటుంది, వేరే యంత్రం కావాలి, కాగితం రెండోసారి వేయాలి. ఖర్చు రెట్టింపు. అందుకే వందేళ్ళకు పైగా పుస్తకాల్లో చెక్కదే రాజ్యం.

ఇక్కడ ఒక అపోహ కూడా చెప్పుకోవాలి. 'బిబ్లియా పౌపెరుమ్' అని ఒక రకం బొమ్మల పుస్తకం ఉంది. ఆ పేరుకు పేదల బైబిలు అని అర్థం. మధ్యలో క్రీస్తు కథలో ఒక ఘట్టం, రెండు పక్కలా పాత నిబంధన నుంచి దాన్ని ముందే సూచించిన రెండు ఘట్టాలు. మూడు రోజులు సమాధిలో ఉన్న క్రీస్తుకు పక్కన తిమింగలం కడుపులో యోనా. చదువురాని వాళ్ళ కోసం వేశారని పేరును బట్టి అందరూ రాసేస్తారు. కానీ ఆ పేరు తరవాతి కాలంలో తగిలించినది. బొమ్మల చుట్టూ ఇరుకిరుకుగా ఉన్నదంతా తరచుగా లాటిన్. పాత నిబంధన బాగా చదివినవాడికి తప్ప ఆ జంటలు అర్థం కావు. చేర్యాల పటం విప్పితే పక్కన కథ చెప్పేవాడు ఉండాలి కదా, ఇదీ అలాంటిదే. బొమ్మ చదువురానివాడి పుస్తకం అని పెద్దలు ఎంత చెప్పినా, చెప్పేవాడు లేని బొమ్మ మూగదే.

మళ్ళీ న్యూరెంబర్గ్‌కు వద్దాం. బ్యాంకు ఉద్యోగం చేసేవాణ్ణి కావడంవల్ల పుస్తకం కంటే దాని లెక్కల మీదికి నా కళ్ళు ముందు పోయాయి. అదృష్టవశాత్తు ఈ పుస్తకానికి ఒప్పందపత్రాలు మిగిలాయి. డబ్బు పెట్టినవారు ఇద్దరు, సెబాల్డ్ ష్రేయర్, ఆయన బావమరిది వరసైన సెబాస్టియన్ కామర్‌మైస్టర్. బొమ్మలు మిఖాయెల్ వోల్గెముట్, ఆయన సవతి కొడుకు విల్‌హెల్మ్ ప్లైడెన్‌వుర్ఫ్ బాధ్యత. అచ్చు ఆంటన్ కోబర్గర్‌ది. ఆ కాలంలో యూరప్ మొత్తంలో అతి పెద్ద ముద్రాపకుల్లో ఆయన ఒకడు. 1491, 1492 ఒప్పందాల ప్రకారం చిత్రకారులకు 1000 గిల్డర్లు అడ్వాన్సు.  అచ్చు పూర్తయ్యాక దిమ్మెలూ నమూనా ప్రతులూ పెట్టుబడి పెట్టినవారికి తిరిగి అప్పజెప్పాలి. ఆ ఒక్క షరతు చూస్తే చాలు, ఆ బావమరదులిద్దరికీ వ్యాపారం తెలుసునని చెప్పవచ్చు. అచ్చయిన కాగితం అమ్ముడుపోతే పోతుంది. దిమ్మె చేతిలో ఉంటే ఆస్తి.

దిమ్మె ఆస్తి అన్న సంగతి కోబర్గర్‌కు అంతకుముందే తెలుసు. 1478 ప్రాంతంలో కొలోన్‌లో ఉత్తర జర్మనీ మాండలికాల్లో బొమ్మల బైబిలు అచ్చయింది. కోబర్గర్ ఆ దిమ్మెలు సంపాదించి, 1483లో తన జర్మన్ బైబిలులో 109 బొమ్మలు వేశాడు. ఒక మాండలికం వారికోసం చెక్కిన బొమ్మ మరో మాండలికం వారి పుస్తకంలో ఏ ఇబ్బందీ లేకుండా ఒదిగిపోయింది. అక్షరాలను మళ్ళీ పేర్చాలి, బొమ్మకు ఆ బాధ లేదు.

ఆ నమూనా ప్రతులు కూడా న్యూరెంబర్గ్ నగర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఏ పుటలో ఏ బొమ్మ ఎంత చోటు తీసుకుంటుంది, అక్షరాలు దాని చుట్టూ ఎలా తిరగాలి అన్నది ముందే చేత్తో గీసి, రాసి పెట్టుకున్నారు. ప్రెస్సుల్లో 'డమ్మీ' అంటామే, అదే.

పుస్తకం రెండు భాషల్లో వచ్చింది. లాటిన్ ప్రతి 1493 జూలై 12న, గేయోర్గ్ ఆల్ట్ చేసిన జర్మన్ అనువాదం అదే ఏడాది డిసెంబర్ 23న. రెండింటికీ అవే దిమ్మెలు. లాటిన్‌వి 1400 నుంచి 1500 దాకా, జర్మన్‌వి 700 నుంచి 1000 దాకా వేసి ఉంటారని పండితుల అంచనా. లాటిన్ పండితుల భాష, దేశదేశాల్లో చెల్లే నాణెం. జర్మన్ ఇంట్లో మాట్లాడే భాష. ఎక్కువ ప్రతులు దేనివి వేయాలో పెట్టుబడిదారులకు సందేహమే రాలేదు. పారిస్, మిలాన్, వెనిస్, ఫ్లారెన్స్, ప్రేగ్ దాకా పుస్తకాలు పంపారు.

పదహారేళ్ళ తరవాత, 1509లో, లెక్కలు ముగించారు. నేను ఎన్నో స్టాకు స్టేట్‌మెంట్లు చూశాను గానీ, ఇంత ఆసక్తిగా ఏదీ చూడలేదు. అమ్ముడుపోకుండా మిగిలినవి లాటిన్ ప్రతులు 500కు పైగా, అంటే వేసినవాటిలో మూడోవంతు. జర్మన్‌వి 60కి మించలేదు. అంతటా చెల్లుతుందనుకున్న భాష గోదాములో మిగిలింది, ఇంటి భాష అమ్ముడైపోయింది. మన మాసపత్రికల సర్క్యులేషన్ గురించి మాట వచ్చినప్పుడల్లా "రాష్ట్రం బయట తెలుగు ఎవరు కొంటారు" అనే మిత్రులకు నేను ఈ లెక్క చెబుతుంటాను. వాళ్ళు నమ్మరు, అది వేరే సంగతి. నా లెక్కలోనూ ఒక లొసుగుంది. వేసిన జర్మన్ ప్రతులు తక్కువ, కాబట్టి మిగిలినవీ తక్కువే అవుతాయి. నిష్పత్తి తీసినా తేడా పెద్దదే అన్నది నా సమాధానం.

లాటిన్ ప్రతులు మిగిలిపోవడానికి ఇంకో కారణం ఆగ్స్‌బర్గ్ నగరానికి చెందిన యోహాన్ షోన్‌స్పెర్గర్. ఆయన 1496లో జర్మన్ పాఠాన్ని, 1497లో లాటిన్ పాఠాన్ని చిన్న సైజులో, బొమ్మలు చిన్నవిగా మళ్ళీ చెక్కించి చవకగా వేసి అమ్మాడు. 1500లో జర్మన్ మరోసారి. కాపీరైటు అన్న మాట అప్పటికి లేదు. దిమ్మెలు పెట్టెలో దాచుకున్నా బొమ్మను దాచలేకపోయారు.

ఇంతవరకూ సరదాగా ఉంది. కానీ ఈ పుస్తకంలో ఒక బొమ్మ దగ్గర నా చేయి ఆగిపోయింది. 1475లో ట్రెంట్ నగరంలో సైమన్ అనే చిన్న పిల్లవాడు చనిపోయాడు. యూదులు మతకర్మ కోసం చంపారని పుకారు పుట్టింది. చిత్రహింసలు పెట్టి ఒప్పించి, అక్కడి యూదు పురుషులను చంపేశారు. షేడెల్ పుస్తకం ఆ అబద్ధాన్ని పెద్ద బొమ్మగా వేసింది. బల్ల మీద పిల్లవాడు, చుట్టూ కత్తులతో మనుషులు, ఒక్కొక్కరి పక్కన పేరు. డమాస్కస్‌కూ మిలాన్‌కూ ఒకే బొమ్మ వేసి ఊరుకున్నవారు, ఇక్కడ మాత్రం చూసి గీసినట్టు ప్రతి మనిషికీ పేరు పెట్టారు. చూడనిదాన్ని చూసినట్టు వేయడం అంటే అదీ. ఆ బొమ్మ రెండు భాషల్లో, అన్ని నగరాలకూ వెళ్ళింది. అది వచ్చిన కొద్ది ఏళ్ళకే, ఆ శతాబ్దం ముగిసేలోపు, న్యూరెంబర్గ్ తన యూదులను ఊరి నుంచి వెళ్ళగొట్టింది. ఒక్క బొమ్మ వల్లే అని నేను అనడం లేదు. ద్వేషం అంతకుముందే ఉంది. కానీ సైమన్‌ను పూజించడం కాథలిక్ చర్చి నిలిపివేసింది 1965లో. అచ్చయిన ఒక అబద్ధం ఆయువు ఎంతో ఇక్కడ వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

వోల్గెముట్ దగ్గర 1486 నుంచి 1489 దాకా పని నేర్చుకున్న కుర్రవాడు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్. కోబర్గర్ అతనికి బాప్తిస్మమిచ్చినప్పుడు తండ్రిగా నిలిచినవాడు. డ్యూరర్ 1498లో బైబిలు చివరి భాగమైన ప్రకటన గ్రంథానికి 15 పెద్ద బొమ్మలు వేసి, తానే ప్రచురించాడు. నలుగురు గుర్రపు రౌతులు మనుషులను తొక్కుకుంటూ పోయే బొమ్మ చాలామంది చూసే ఉంటారు. చెక్క మీద అంత సన్నని గీత అంతకుముందు ఎవరూ చూడలేదు. దాని సంగతి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనక నేను వదిలేస్తున్నాను. నాకు కావలసింది దాని నీడలో పుట్టిన మరో పుస్తకం.

1522 సెప్టెంబర్‌లో విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ జర్మన్ కొత్త నిబంధన వచ్చింది. ప్రచురించినవారు చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్, ఆయన వ్యాపార భాగస్వామి క్రిస్టియన్ డోరింగ్. అచ్చు మెల్కియోర్ లోటర్. ప్రతులు మూడు వేలకు తక్కువ ఉండవని అంచనా. వింత ఏమిటంటే నాలుగు సువార్తలకూ పుట నిండే బొమ్మ ఒక్కటీ లేదు. అలాంటి బొమ్మలు 21, అన్నీ ప్రకటన గ్రంథానికే. లూథర్‌కు ఆ గ్రంథం మీద అంత గురి లేదు, ముందుమాటలో ఆ మాట దాచకుండా రాశాడు కూడా. అయినా బొమ్మలన్నీ దానికే దక్కాయి. డ్యూరర్ దారి వేసి ఉన్నాడు, అందులోనూ మృగాలూ మంటలూ గీయడానికి బాగుంటాయి.

ప్రకటన గ్రంథంలో బబులోను అనే పాప నగరం మృగం మీద కూర్చున్న స్త్రీగా కనిపిస్తుంది. క్రానాఖ్ ఆమె తలమీద మూడంతస్తుల కిరీటం పెట్టాడు. అది పోపు మాత్రమే పెట్టుకునే కిరీటం. అగాధం నుంచి లేచిన మృగానికీ అదే. ఎవరూ ఒక్క అక్షరం చదవనక్కరలేకుండా అర్థం తెలిసిపోయింది. బబులోను కూలిపోయే బొమ్మకు ఆయన రోమ్ నగరాన్ని వాడాడు. ఆ రోమ్ ఎక్కడిది? షేడెల్ పుస్తకంలోదే. న్యూరెంబర్గ్‌లో గౌరవంగా గీసిన నగరాన్ని విటెన్‌బర్గ్‌లో కూల్చి చూపించారు.

పక్కనే ఉన్న సాక్సనీ ప్రభువు డ్యూక్ గేయోర్గ్ కాథలిక్. నవంబర్‌లోనే పుస్తకాన్ని నిషేధించి, ఉన్న ప్రతులు అప్పగించిన వారికి డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించాడు. నిషేధించి నష్టపరిహారం ఇచ్చిన ప్రభుత్వాలు చరిత్రలో ఎక్కువ లేవు. డిసెంబర్‌లో రెండో ముద్రణ వచ్చేసరికి బొమ్మల్లో కిరీటం ఒక్క అంతస్తుకు తగ్గింది. ఇది ఎంత సులువో చెక్క పని తెలిసినవారికి చెప్పక్కరలేదు. పై రెండు అంతస్తుల గీతలను కత్తితో తీసేస్తే చాలు, అక్కడ తెల్లగా వస్తుంది. ఆ ఖాళీ జాగాను ముద్రించిన పుటలో ఇప్పటికీ చూడవచ్చు. స్త్రీ తల పైన ఏదో పోయినట్టు, ఆకాశం అనవసరంగా బోడిగా ఉంటుంది. తీసేయడం తేలిక గానీ మళ్ళీ పెట్టడం కష్టం. తొలిచి కొత్త ముక్క బిగించాలి, లేదా దిమ్మె మొత్తం కొత్తది చెక్కాలి. 1534లో లూథర్ పూర్తి బైబిలు వచ్చినప్పుడు కొత్త దిమ్మెలు చెక్కించారు. మూడంతస్తుల కిరీటం తిరిగి వచ్చింది.

ఈలోగా డ్యూక్ తరపున హియెరోనిమస్ ఎమ్సర్ అనే పండితుడు, లూథర్ అనువాదంలో తప్పులు దిద్ది, కాథలిక్కులకు తగిన జర్మన్ కొత్త నిబంధన తయారుచేశాడు. 1527లో డ్రెస్డెన్‌లో అచ్చయింది. పాఠం చాలావరకు లూథర్‌దే. బొమ్మలు? చాలావరకు క్రానాఖ్‌వే, అవే దిమ్మెలు. లూథర్‌కు ఆప్తమిత్రుడైన క్రానాఖ్ దిమ్మెలు లూథర్ శత్రువు పుస్తకంలోకి చేరాయి. క్రానాఖ్‌ను తప్పుపట్టేవారున్నారు. నేను పట్టలేను. ఆయనకు చిత్రశాల ఉంది, మందుల దుకాణం ఉంది, జీతాలు ఇవ్వాల్సిన పనివాళ్ళున్నారు. పని అయిపోయిన దిమ్మె పెట్టెలో ఉంటే పురుగు పడుతుంది.

ఆ విటెన్‌బర్గ్‌కు ఎంతో దూరం లేని ఊరు హాలె. మద్రాసులో 1726 నుంచి ఉండి మన భాష నేర్చుకున్న లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1743లో ఇండియా వదిలి అక్కడికి చేరాడు. ఆయన 1732 నాటికి పూర్తిచేసిన తెలుగు బైబిలు చేతిరాతలోనే ఉండిపోయింది. కానీ హాలెలో తెలుగు అక్షరాలు పోత పోయించి, 1746, 1747ల్లో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేశాడు. లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వాటిలో ఒకటి. తెలుగు లిపి మొదటిసారి సీసంలో నిలబడింది అక్కడే, తెలుగు చదవగలిగినవాడు ఆయన తప్ప చుట్టుపక్కల ఒక్కడూ లేని ఊళ్ళో.